ఏటి గట్టుకు మోసుకెళ్లే రేడియో



బళ్లారిలో గుంతకల్లు రైలెక్కి కిటికీ దగ్గర కూర్చుంటే కాసేపటికి ఒక పొడుగాటి వంతెన వస్తుంది. ఆ వంతెన కింద ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది నీళ్లు కాదు, ఇసుక. అదే మన హగరి. పుస్తకాల్లో దాని పేరు వేదవతి. చిక్కమగళూరు దగ్గర బాబాబుడన్ కొండల్లో పుట్టి, చిత్రదుర్గ జిల్లాలో వాణివిలాస సాగరం నింపి, సరిహద్దు దాటి అనంతపురం జిల్లాలోకి వస్తుంది. అక్కడ భైరవానితిప్ప ఆనకట్ట దగ్గర ఒకసారి ఆగి, మళ్లీ సరిహద్దు దాటి బళ్లారి జిల్లాలోకి వచ్చి, సిరుగుప్ప తాలూకాలో తుంగభద్రలో కలిసిపోతుంది. ఆ తుంగభద్ర నీళ్లు మరోసారి సరిహద్దు దాటి మంత్రాలయం మీదుగా కర్నూలుకు చేరుకుంటాయి. అంటే ఒకే నీరు, సముద్రం సంగతి దేవుడెరుగు, కర్నూలు చేరేలోపే మూడుసార్లు రాష్ట్రం మారుతుంది. నీటికి భాష లేదు. కానీ నీరు వస్తోందన్న కబురుకు భాష ఉంది. ఆ కబురు ఎగువన కన్నడంలో బయలుదేరి దిగువకు తెలుగులో చేరాలి.

ఈ కబురు మోయడానికి టెలిఫోను ఉంది, చేతిలో సెల్లు ఉంది, ఇంక రేడియో ఎందుకు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం 2009 అక్టోబరు మొదటి వారం గుర్తుచేసుకోండి. ఆ ఏడు జూన్, జూలైలలో వానలు మొహం చాటేశాయి. మనమంతా కరువు గురించే మాట్లాడుకుంటున్నాం. సెప్టెంబరు ఆఖరులో మొదలైన వాన నాలుగైదు రోజుల్లో తుంగభద్రనూ హగరినీ పొంగించింది. సిరుగుప్ప తాలూకా పల్లెలు మునిగాయి. మంత్రాలయంలో మఠం చుట్టూ నీళ్లు నిలిచాయి. అక్టోబరు 2న కర్నూలు పట్టణం నీళ్లలో ఉంది. శ్రీశైలం ఆనకట్టను కట్టింది 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా. ఆ రోజుల్లో దానిలోకి వచ్చింది 25 లక్షలకు పైమాట. అలాంటి వేళ కరెంటు మొదట పోతుంది. సెల్ టవరుకు కింద ఉన్న బ్యాటరీ కొన్ని గంటలు మోస్తుంది. దానికి డీజిలు పోయవలసిన మనిషి ఏటికి అవతల ఉంటాడు. ఆ తర్వాత టవరు నిలబడే ఉంటుంది, మాట మాత్రం ఉండదు.

అప్పుడు పనికివచ్చేది ఎవరి తీగమీదా, ఎవరి టవరుమీదా ఆధారపడని సాధనం. ఇక్కడొక పెట్టె, అక్కడొక పెట్టె, మధ్యలో ఆకాశం. దాన్నే అమెచ్యూర్ రేడియో అంటారు, వాడుకలో హామ్ రేడియో. ఇది వ్యాపారం కాదు, ఉద్యోగమూ కాదు. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, సరదా కోసం, నేర్చుకోవడం కోసం, ఆపదలో సేవ కోసం మాట్లాడుకునే రేడియో. మీరు ఇప్పుడు వింటున్న రేడియో చెబుతుంది, మీరు వింటారు. హామ్ రేడియో చెబుతుంది, వింటుంది కూడా. ఈ సాధనం ఇంట్లో బల్ల మీది నుంచి దిగి, సంచిలోకి ఎక్కి, ఏటి గట్టుకు ఎలా రాగలిగిందన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం.

కథ మనకు మరీ దూరంలో మొదలుకాలేదు. 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి మద్రాసు రాష్ట్రంలో ఉండేదన్న సంగతి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఆ మద్రాసులో 1924 మే 16న కొందరు ఔత్సాహికులు కలిసి మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టుకున్నారు. దానికి ముఖ్యులు సి.వి. కృష్ణస్వామి చెట్టి. ఇంగ్లండు నుంచి విడిభాగాలు తెచ్చుకుని 40 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటరును కూర్చుకున్నారు. ఆ ఏడాది జూలై 31న ప్రసారాలు మొదలుపెట్టారు. ఆకాశవాణికి అప్పటికి ఆ పేరూ లేదు, పుట్టుకా లేదు. డబ్బు చాలక 1927లో క్లబ్ మూతపడితే, సరంజామా మద్రాసు కార్పొరేషనుకు అప్పగించారు. కార్పొరేషను 1930 నుంచి దానితో ప్రసారాలు నడిపింది. అంటే దక్షిణాదిన రేడియో ప్రసారం మొదలైంది సర్కారు చేతుల మీద కాదు, సరదాకు విడిభాగాలు కూర్చుకున్న కొద్దిమంది చేతుల మీద. కొన్ని పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి ఒక్క వాక్యం కూడా కేటాయించకపోవడం ఉపాధ్యాయుడిగా నాకు కొంచెం వెలితిగానే అనిపిస్తుంది.

అయితే ఆ కాలపు సెట్టును ఎత్తుకుని తిరగడం కుదిరే పని కాదు. వాల్వులు, అంటే గాజు బల్బుల్లాంటివి, వేడెక్కాలి. వాటికి ఒక పక్క ఆరు వోల్టులు, ఇంకో పక్క వందల వోల్టులు కావాలి. అయినా జనం మోసుకెళ్లారు. అమెరికాలో 1933 జూన్‌లో అక్కడి హామ్‌ల సంఘం ఒక ఆట లాంటి పరీక్ష పెట్టింది. ఇళ్లలోని సెట్లను పొలాల్లోకి, కొండల మీదికి తీసుకెళ్లి, గుడారం వేసి, ఇంటి కరెంటు లేకుండా ఎంతమందితో మాట్లాడగలరో చూడండి అన్నారు. దానికి ఫీల్డ్ డే అని పేరు. ఇప్పటికీ ఏటా జూన్‌లో జరుగుతుంది. ఆపద వచ్చిన రోజున సెట్టు ఎలా మోయాలా అని ఆలోచించడం కాదు, ముందే ఒక సెలవురోజు మోసి చూడాలి అన్నది దాని ఉద్దేశం.

మన దేశంలో సెట్టును మోయడం మొదట ఆటగా రాలేదు, పోరాటంగా వచ్చింది. 1939లో యుద్ధం రాగానే బ్రిటిషువారు అమెచ్యూర్ లైసెన్సులన్నీ రద్దుచేసి సెట్లు అప్పగించమన్నారు. అప్పగించని సామాను కొంత మిగిలింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చినప్పుడు బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. ఆమెకు అప్పటికి 22 ఏళ్లు. ట్రాన్స్‌మిటరు కూర్చిన నరిమన్ ప్రింటర్ ఒకప్పటి అమెచ్యూర్. పోలీసులు రేడియో అలలు ఏ దిక్కునుంచి వస్తున్నాయో కనిపెట్టే బండ్లతో వెతుకుతుంటే, వీళ్లు సెట్టును ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుస్తూ దాదాపు మూడు నెలలు నెట్టుకొచ్చారు. నవంబరు 12న పట్టుబడ్డారు. ఆ కథలో త్యాగం ఉంది, ద్రోహం కూడా ఉంది. ఆ ప్రింటరే చివరకు ఆచూకీ చెప్పాడు. మన ప్రసంగానికి కావలసిన ముక్క ఒక్కటే. కదిలే సెట్టు బతుకుతుంది, ఒకేచోట ఉన్న సెట్టు దొరికిపోతుంది. పోలీసుల బదులు వరద అనుకోండి, మాట మారదు.

యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న సామాను బజారుకు వచ్చింది. మద్రాసులో మూర్ మార్కెట్టు, బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, హైదరాబాదులో కోఠీ సందులు ఇలాంటి సరుకుకు పేరుపడ్డాయి. ట్యాంకుల్లో వాడిన నంబరు 19 సెట్టు, 807 అనే లావుపాటి వాల్వు ఒక తరం హామ్‌లకు చుట్టాల్లాంటివి. 1948లో మధ్య భారతంలోని మౌలో, సైన్యపు సిగ్నల్స్ పాఠశాల ఉన్నచోట, అమెచ్యూర్ల సంఘం ఏర్పడింది. కానీ లైసెన్సులో రాసిన చిరునామా ఏదో అదే స్టేషను చిరునామా. సెట్టు బరువు దాన్ని ఇంకా గట్టిగా అక్కడే కట్టిపడేసేది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. లెక్కకు వచ్చిన మృతులే సుమారు పదివేలు. టెలిఫోను స్తంభాలు పడిపోయి పల్లెల నుంచి కబురే బయటికి రాలేదు. ఎంత నష్టం జరిగిందో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది. ఆ కాలానికి మన దేశంలో అమెచ్యూర్ల సంఖ్య రెండువేలు కూడా లేదు.

మార్పు 1980లలో వచ్చింది. 1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. దాన్ని నిలబెట్టినవారు ఎస్. సూరిగారు. అమెచ్యూర్ రేడియో నేర్పడానికే ఒక సంస్థ తెలుగునేల మీద ఉండటం మనకు దక్కిన వరమనే చెప్పాలి. మరుసటి ఏడు, 1984లో, కేంద్ర ప్రభుత్వం అమెచ్యూర్ పరికరాల మీద దిగుమతి సుంకం ఎత్తేసింది. జపాను సెట్లు వచ్చాయి. వాటి గొప్ప అందరూ చెప్పేది వేరు, నేను చెప్పేది వేరు. అవి 12 వోల్టుల సెట్లు. మీ ట్రాక్టరు బ్యాటరీ ఎంతో అంతే. వందల వోల్టులు అక్కరలేకపోయిన ఆ రోజునే రేడియో నిజంగా గుమ్మం దాటింది. లారీ ఉన్నచోట, ట్రాక్టరు ఉన్నచోట రేడియో స్టేషను పెట్టవచ్చు. 1999 అక్టోబరు ఆఖరులో ఒరిస్సా మీద విరుచుకుపడ్డ మహాతుపానుకూ, 2001 జనవరి 26న కచ్‌లో వచ్చిన భూకంపానికీ హామ్‌లు పెట్టెలు సర్దుకుని వెళ్లారు.

వీటన్నిటిలో అండమాన్ కథ ముందు చెప్పాలి. అక్కడ అమెచ్యూర్ రేడియోకు చాలా ఏళ్లు అనుమతి లేదు. ప్రపంచంలోని హామ్‌లు ఒక్కసారైనా అండమాన్‌తో మాట్లాడాలని కాచుకుని ఉండేవారు. హైదరాబాదు సంస్థ ఎంతో కాలం అడిగి అడిగి అనుమతి సంపాదించి, 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్‌గారి ఆధ్వర్యంలో ఒక బృందాన్ని పోర్ట్ బ్లెయిర్ పంపింది. వాళ్లు వెళ్లింది సరదాకే. మన పిల్లలు అరుదైన తపాలా బిళ్లలు కూడబెట్టినట్టు హామ్‌లు అరుదైన చోట్లతో మాటలు కూడబెడతారు. డిసెంబరు 26 తెల్లవారి ఆమె సెట్టు ముందు ఉండగానే భూమి కదిలింది. ఆ తర్వాత సునామీ. ద్వీపాల టెలిఫోన్లు మూగబోయాయి. అప్పటిదాకా ఆట ఆడిన అదే యాంటెనా, అదే సెట్టు ఆ పూట నుంచి ఫలానావారు క్షేమం, ఫలానావారి జాడ లేదు, ఇక్కడికి మందులు కావాలి అనే కబుర్లు దేశానికి అందించడం మొదలుపెట్టాయి. ఒక స్టేషను కార్ నికోబార్‌కు కూడా వెళ్లింది. ఆ సెట్టు సునామీ కోసం అక్కడికి రాలేదు. కానీ సునామీ వచ్చేసరికి సెట్టు, యాంటెనా, బ్యాటరీ, మనిషి నాలుగూ కలిసి పనిచేస్తూ ఉన్నాయి. గోదాములో తాళం వేసి ఉన్న ఖరీదైన సెట్టు కంటే రోజూ వాడుతున్న సాదా సెట్టు ఎందుకు మేలో దీన్నిబట్టి తెలుస్తుంది. పదేళ్ల తర్వాత, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను విశాఖను చీకట్లో ముంచినప్పుడు కూడా హామ్‌లు కదిలారు.

జపాను సెట్టు బాగానే ఉంది, దాని వెల సంగతేమిటి? పల్లెటూరి బడికి, పంచాయతీకి అది అందే మాటేనా? ఇక్కడే మన హైదరాబాదు మనిషి ఒకాయన కథ వస్తుంది. పేరు అష్హర్ ఫర్హాన్. ఆయన పిలుపు సంకేతం వీయూ టూ ఈఎస్ఈ. హైదరాబాదులో లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం గురించి విన్నవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది, దాన్ని పెట్టినవారిలో ఆయన ఒకరు. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో ఆయన బిటెక్స్ అనే సెట్టుకు నక్షా గీశారు. శక్తి ఆరు వాట్లు. మీ ఇంట్లో రాత్రిపూట వెలిగే చిన్న బల్బుకు పట్టేంత. దాని గొప్ప శక్తిలో లేదు, సామానులో ఉంది. ఇందులో వాడే ప్రతి వస్తువూ మన ఊళ్లలోని చిల్లర అంగళ్లలో దొరకాలి అని ఆయన పట్టుపట్టారు. కాయిల్ చుట్టడానికి విదేశాల్లో ప్రత్యేకమైన ఉంగరాలు వాడతారు. అవి ఇక్కడ దొరకవు. మరేం చేశారు? నీళ్ల కొళాయిలో వేసే వాషరు తీసుకుని దాని మీద రాగి తీగ చుట్టారు. స్టేషను తిప్పడానికి మామూలు ట్రాన్సిస్టరు రేడియోలోని ట్యూనింగు కండెన్సరు. ఆఖరి మెట్టులో ఐఆర్ఎఫ్ 510 అనే చవక ట్రాన్సిస్టరు. పైగా పంపేటప్పుడు, వినేటప్పుడు ఒకే భాగాలు అటూ ఇటూ పనిచేసేలా అమర్చారు. మన పల్లెల్లో ఒకే తలుపు వాకిలికీ కొట్టానికీ పనికొచ్చినట్టు. నక్షాను దాచుకోలేదు, అందరికీ పంచారు. చూసి కట్టుకున్నవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. 2016లో బిటెక్స్ 40 అని సగం కూర్చిన పలకను అందుబాటులోకి తెచ్చారు. 2017 ఆఖరులో షార్ట్‌వేవ్ అంతటా పనిచేసే మైక్రో బిటెక్స్ వచ్చింది. వాటి కాయిళ్లు హైదరాబాదులో ఆడవాళ్లు చేత్తో చుట్టారు.

కొళాయి వాషరు సంగతి నేను ఎక్కడ చెప్పినా పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. 1924లో మద్రాసులో విడిభాగాలు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాయి. ఎనభై ఏళ్ల తర్వాత అవి వీధి చివరి అంగడి నుంచి వచ్చాయి. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద సంఘటనగా తోచేది అదే.

సరే, ఇప్పుడు మన హగరి గట్టుకు వద్దాం. ఇక్కడ ఒక పెట్టె సర్దాలంటే అందులో ఏముండాలి? చాలామంది మొదట సెట్టు గురించి అడుగుతారు. నేనైతే బ్యాటరీతో మొదలుపెడతాను. కంప్యూటరుకు వాడే యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకటి తీసుకుందాం. సీసం బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, సగం దాకా వాడుకోవడం దానికి ఆరోగ్యం. అంటే మన చేతిలో ఉన్నది మూడున్నర. బిటెక్స్ లాంటి చిన్న సెట్టు వినేటప్పుడు ఆంపియరులో అయిదో వంతు, మాట్లాడేటప్పుడు ఒకటిన్నర ఆంపియరు తీసుకుంటుందనుకోండి. గంటలో పావు వంతు మాట్లాడి, ముప్పావు వంతు వింటే సగటున అర ఆంపియరు పైచిలుకు. ఆరు గంటలకు పైగా పనిచేస్తుంది. అదే వంద వాట్ల జపాను సెట్టుకు ఈ బ్యాటరీ తగిలిస్తే గంటా గంటంబావులో సగం ఖాళీ. గొంతు పెద్దదైన కొద్దీ ఊపిరి తొందరగా అయిపోతుంది. మైలురాయిలా బరువుండే లారీ బ్యాటరీ మోయగలిగితే సరి, లేకపోతే చిన్న గొంతే నయం. ఈ మధ్య వచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు తేలిక, చాలావరకు పిండవచ్చు కూడా. ధర మాత్రం ఎక్కువ.

ఆ తర్వాత యాంటెనా. దీనికి ఇంటి వైరింగుకు వాడే రాగి తీగ చాలు. లెక్క చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. 143ని మెగాహెర్ట్జులతో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 7.1 మెగాహెర్ట్జులకు 20 మీటర్ల 14 సెంటీమీటర్లు. దాన్ని నడిమికి కోసి, రెండు ముక్కలు చేసి, మధ్యలో కేబులు కలపాలి. కొసలకు పీవీసీ పైపు ముక్కలు, వాటికి నైలాన్ తాడు. తాడు కొసకు చిన్న రాయి కట్టి ఏ తుమ్మకొమ్మ మీదికో విసరాలి. పిల్లల చేత ఒంటిసీలతో కొట్టిస్తే ఇంకా బాగా పడుతుంది.

ఎంత ఎత్తున కట్టాలి? ఎంత ఎత్తైతే అంత దూరం అన్నది పుస్తకాల మాట. మనకు అమెరికా దాకా మాట పోనక్కరలేదు. హగరి నుంచి సిరుగుప్పకు, రాయదుర్గానికి, కర్నూలుకు, మహా అయితే హైదరాబాదుకు పోవాలి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు. అందుకు తీగ మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే ఉండాలి. అప్పుడు అల నేరుగా పైకి లేచి, ఆకాశంలోని అయానుల పొరకు తగిలి, గొడుగులా నలుమూలలా కిందికి దిగుతుంది. మధ్యలో కొండ ఉన్నా, గుట్ట ఉన్నా పట్టింపు లేదు. చేతిలో పట్టుకునే వాకీటాకీ అలా కాదు, అది కంటికి కనబడేంత దూరమే. మన నల్లరేగడి మైదానంలో మనిషి నిలబడి మాట్లాడితే నాలుగైదు కిలోమీటర్లు దాటడం కష్టం. పగలు ఏడు మెగాహెర్ట్జులు, పొద్దుగుంకాక దానికి సగం, మూడున్నర. అందుకే పెట్టెలో రెండు తీగలు ఉండాలి. రెండోది పొడవు రెట్టింపు.

ఏటి ఇసుక గురించి ఒక మాట. యాంటెనాలలో కొన్నిటికి భూమి కూడా సగం భాగంలా పనిచేస్తుంది. ఎండిన ఇసుక విద్యుత్తుకు మంచి దారి కాదు. నిటారు కడ్డీని ఇసుకలో పాతి ఎర్తు ఇచ్చామనుకుంటే దక్కేది అంతంతమాత్రం. రెండు చేతులు చాచిన ఈ తీగకు భూమి సాయం అక్కరలేదు. హగరికి ఇది సరైన జోడి.

ఇవన్నీ దేనిలో పెట్టాలి? పట్నాల్లో నీళ్లు చొరని ఖరీదైన పెట్టెలు అమ్ముతారు. ఇరవై లీటర్ల రంగు డబ్బా ఖాళీది, మూత గట్టిగా పట్టేది ఒకటి చూసుకోండి. పిడి ఉంటుంది, వానకు తడవదు, ఏటిలో పడినా మూత బిగువుగా ఉంటే, లోపలి బరువు హద్దులో ఉంటే తేలుతుంది. బ్యాటరీని వేరే డబ్బాలో పెట్టండి, ఒక్కరే రెండూ మోసే పని తప్పుతుంది. ఒక స్క్రూడ్రైవరు, పట్టకారు, టేపు, అదనంగా రెండు ఫ్యూజులు. ఆఖరుగా నోటుబుక్కు, పెన్సిళ్లు. పెన్ను వద్దు. సిరా తడిస్తే కబురు కూడా కరిగిపోతుంది. పెన్సిలు రాత తడిసినా చదవవచ్చు.

ఇప్పుడు అంగట్లో దొరకని సామాను గురించి చెప్పాలి. అది మాట. ఒక కబురు ఇలా వచ్చిందనుకోండి: హగరి దగ్గర నీళ్లు పెరిగాయి, పడవ పంపండి. ఏ హగరి? ఏరు హగరి పొడవునా హగరే. హగరి అని ఊరుంది. హగరిబొమ్మనహళ్లి అని ఇంకో ఊరుంది, అది వేరే ఏటి ఒడ్డున, ఇప్పుడు విజయనగర జిల్లాలో ఉంది. పడవ ఎక్కడికి పోవాలి? అంకెలు ఇంకా చిక్కు. కన్నడంలో రెండును ఎరడు అంటాం. తెలుగులో ఏడు ఉంది. మామూలుగా మాట్లాడుకుంటే ఎవరూ పొరబడరు. గరగరమని ఉరుముల చప్పుడు మధ్య, అలసిన గొంతుతో చెప్పిన ఎరడు అవతల ఏడుగా వినిపిస్తే? ఇద్దరికి అన్నం కావాలంటే ఏడుగురికి పోతే నష్టం లేదు. ఏడుగురు చిక్కుకున్నారంటే ఇద్దరిని తెచ్చి పని అయిపోయిందనుకుంటే?

మేము బడిలో దీన్ని ఆటగా ఆడించాం. ఒక గదిలో కన్నడ మాధ్యమం పిల్లలు, ఇంకో గదిలో తెలుగు పిల్లలు, నడుమ వరండాలో చప్పుడు చేసేందుకు పళ్లేలు గరిటెలతో చిన్న తరగతివాళ్లు. ఆ చిన్నవాళ్లు తమ పనిని ఎంత శ్రద్ధగా చేశారో చెప్పలేను. నాలుగో కబురుకల్లా పిల్లలే నియమాలు కనిపెట్టారు. అంకెను రెండు భాషల్లోనూ చెప్పాలి: ఎరడు, రెండు. ఊరి పేరు తర్వాత తాలూకా చెప్పాలి. విన్నవాడు మొత్తం తిరిగి అప్పజెప్పాలి. ప్రపంచంలోని హామ్‌లు చేసేదీ ఇంచుమించు ఇదే. ప్రతి కబురుకూ వరుస సంఖ్య, పంపిన వేళ, ఎవరి నుంచి, ఎవరికి, ఎన్ని మాటలు అని రాసుకుంటారు. మాటల సంఖ్య సరిపోకపోతే మళ్లీ అడుగుతారు. నోటుబుక్కు పెట్టెలో సెట్టుతో సమానమని నేననేది ఇందుకే.

రెండు భాషలు రావడాన్ని మన సరిహద్దు జనం ఒక్కోసారి చిన్నతనంగా చెప్పుకుంటారు, ఇటూ కాకుండా అటూ కాకుండా ఉన్నామని. వరద రోజున కంట్రోల్ రూములో అందరికంటే ముందు పిలిచేది అలాంటివాళ్లనే. 2022 సెప్టెంబరులో, 1933 తర్వాత మొదటిసారి, వాణివిలాస సాగరం నిండి పొర్లింది. 89 ఏళ్లు. ఆ నీరు కన్నడనాట బయలుదేరి తెలుగునాట భైరవానితిప్పకు వచ్చి, మళ్లీ మన దగ్గరికి రావాలి. ఆ దారిలో మూడు చోట్ల మూడు డబ్బాలు, రెండు భాషల మనుషులు ముగ్గురు ఉంటే ఎంత మేలో మీరే ఊహించుకోండి.

ఇక లైసెన్సు సంగతి. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటరు నడపడం నేరం. సరిహద్దులో అయితే ఇంకా ముందు అనుమానిస్తారు. పన్నెండేళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. కొంత విద్యుత్తు పాఠం, కొంత నియమాల పాఠం, పెద్ద తరగతి లైసెన్సుకు మోర్స్ కూడా. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివినవారికి మొదటి సగం కొత్తగా ఉండదు.

వినడానికి మాత్రం పరీక్ష అక్కరలేదు. ఇంట్లో అటక మీద పాత షార్ట్‌వేవ్ రేడియో ఉంటే దించండి. పొద్దున పూట 41 మీటర్ల బ్యాండుకు పక్కనే, ఏడు మెగాహెర్ట్జుల దగ్గర, ముల్లు నిదానంగా తిప్పండి. బాతులు కూసినట్టు ఒక చప్పుడు వినబడుతుంది. అవి హామ్‌ల గొంతులే. శక్తి ఆదా కోసం వాళ్లు అలలో కొంత భాగం తీసేసి పంపుతారు, మన మామూలు రేడియో ఆ భాగం లేక తికమకపడుతుంది. దానికొక చిట్కా ఉంది. రెండో షార్ట్‌వేవ్ రేడియో ఒకటి దాని పక్కనే పెట్టండి. మొదటిది 7.1 మీద ఉంటే రెండోదాన్ని దానికి 455 కిలోహెర్ట్జులు తక్కువకు, అంటే సుమారు 6.645కు తిప్పి, శబ్దం పూర్తిగా తగ్గించేయండి. రెండో రేడియో లోపల పుట్టే సన్నని అల మొదటిదానికి ఆ లోటు పూడుస్తుంది. ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరపండి. బాతు కూత కాస్తా మనిషి మాట అవుతుంది. ఏ భాషలో అన్నది ఆ పూట అదృష్టం.